వెర్దిక్కియో: లేబుల్ చదవడం నుంచి వడ్డన దాకా

ఇటలీ తూర్పు తీరంలో, పటం మీద ఇంచుమించు నడిమధ్యన, అంకోనా అనే రేవు పట్టణం ఉంది. అక్కడి నుంచి ఎజీనో నది వెంట లోపలికి వెళ్తే గోధుమ చేలు, ఆలివ్ తోటలు, గుట్టల మీద కోటగోడల ఊళ్లు కనిపిస్తాయి. ఆ గుట్టల వాలుల్లో పండే తెల్ల ద్రాక్ష వెర్దిక్కియో. వైన్ పేరు కూడా అదే. ఈ ప్రాంతాన్ని మార్కే అంటారు. ఇటలీ చూడటానికి వెళ్లినవాళ్లు చాలామంది పక్కనున్న టస్కనీ చూసుకుని వెనక్కి వచ్చేస్తారు, ఇటువైపు రారు.

ఈ వైన్ మీద పాత ముద్ర ఒకటి ఉంది. 1953లో ఫాట్సి బత్తాల్యా అనే కంపెనీ కోసం ఆంతోనియో మయోక్కి అనే ఆర్కిటెక్ట్ ఒక సీసా గీశాడు. ప్రాచీన గ్రీకు జాడీ ఆకారం, ఆకుపచ్చ గాజు, మెడకు వేలాడే చిన్న కాగితపు చుట్ట. ఆ సీసా దేశదేశాలకు వెళ్లింది, బాగా అమ్ముడుపోయింది. కాలం గడిచేకొద్దీ సీసా ఆకారమే జనానికి గుర్తుండిపోయింది. లోపలి వైన్‌కు మాత్రం ‘సముద్రం ఒడ్డున చేపలతో తాగే చవక సరుకు’ అన్న పేరు పడింది. ఆ పేరు వల్ల ఈ వైన్‌కు అన్యాయం జరిగిందని నా గట్టి అభిప్రాయం. ఇదే ద్రాక్షతో వేసవి మధ్యాహ్నానికి సరిపోయే తేలిక వైన్ వస్తుంది, పదేళ్లు దాచి మాంసంతో తాగదగ్గ బరువైన వైన్ కూడా వస్తుంది. మీ చేతిలోని సీసా వీటిలో ఏదో పోల్చుకుని, ఆ స్థాయికి తగ్గ వంట పెట్టుకోవాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

1. లేబుల్ మీద ఏం వెతకాలి

ముందు ఊరి పేరు చూడండి. వెర్దిక్కియోకు రెండు పేరున్న ప్రాంతాలు ఉన్నాయి. పెద్దది ‘కస్తెల్లి ది యేజి’. యేజి పట్టణం చుట్టూ ఒకప్పుడు దాని ఏలుబడిలో ఉన్న కోట ఊళ్లే ఈ కస్తెల్లి: కుప్రమొంతానా, స్తాఫొలో, మొంతెకరొత్తో వంటివి. రెండోది ‘మాతెలీకా’. ఇది ఇంకా లోపల, కొండల్లో ఉన్న చిన్న ప్రాంతం. ప్రభుత్వ గుర్తింపు మాతెలీకాకు 1967లో, కస్తెల్లి ది యేజికి 1968లో వచ్చింది. ఏ ప్రాంతం పేరు వేసుకోవాలన్నా వైన్‌లో కనీసం 85 శాతం వెర్దిక్కియో ఉండాలి. మంచి తయారీదారులు చాలామంది నూటికి నూరు శాతం అదే వాడతారు.

రెండింటికీ రుచిలో తేడా ఉంది, దానికి కారణం నేలవాలులో ఉంది. మార్కేలో నదులు పడమటి కొండల్లో పుట్టి తూర్పున సముద్రంలో కలుస్తాయి. లోయలు కూడా సముద్రం వైపే తెరుచుకుని ఉంటాయి, కాబట్టి యేజి తోటలకు సముద్రపు గాలి అందుతుంది. మాతెలీకా లోయ మాత్రం ఉత్తర దక్షిణాలుగా సాగి, రెండు పక్కలా కొండల మధ్య మూసుకుపోయి ఉంటుంది. పగలు ఎండ బాగా కాస్తుంది, రాత్రికి చలి దిగుతుంది. ఆ చలికి కాయలోని పులుపు తగ్గకుండా నిలుస్తుంది. అందుకే మాతెలీకా వైన్ బిగువుగా, పదునుగా ఉంటుంది. యేజి వైన్ కాస్త నిండుగా, మెత్తగా ఉంటుంది. పుల్లటివి ఇష్టపడేవాళ్లు మాతెలీకాతో మొదలుపెట్టవచ్చు.

ఊరి తర్వాత స్థాయి చూడాలి. ‘క్లాసికో’ అని ఉంటే యేజి ప్రాంతంలో పాతకాలం నుంచి ద్రాక్ష వేస్తున్న తోటలదని అర్థం. ‘క్లాసికో సుపెరియోరె’ అంటే ఆ తోటలదే, తక్కువ దిగుబడితో, కాయ ఇంకాస్త పండాక కోసింది. దీనిలో ఆల్కహాల్ కనీసం 12 శాతం ఉండాలి. ‘రిసెర్వా’ అన్నిటికన్నా పైది. కనీసం 18 నెలలు తయారీదారు దగ్గరే ఉండి, 12.5 శాతానికి తగ్గని ఆల్కహాల్‌తో బయటికి వస్తుంది. ఇటలీలో వైన్‌కు ఇచ్చే అత్యున్నత హోదా ఈ రిసెర్వాలకు 2009-10 ప్రాంతంలో దక్కింది. నురగ వచ్చే రకం, ఎండుద్రాక్షతో చేసే తీపి రకం కూడా ఉన్నాయి కానీ ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

తయారీదారుల్లో ఉమాని రోంకి, గరోఫొలి కాస్త ఎక్కువ దేశాల్లో దొరుకుతాయి. ఉమాని రోంకి చేసే ‘కజాల్ ది సెర్రా’, గరోఫొలి చేసే ‘పోదియుం’ ఈ ద్రాక్షతో పరిచయానికి మంచి సీసాలు. మాతెలీకా వైపు కొల్లెస్తెఫానో, లా మొనచెస్కా చూడండి. రిసెర్వా అనగానే నాకు ముందు గుర్తొచ్చేది విల్లా బుచ్చి. పెద్ద పెద్ద పాత ఓక్ పీపాల్లో నెమ్మదిగా పండించే వైన్ అది. పీపా పాతదీ పెద్దదీ కాబట్టి చెక్క వాసన పైకి రాదు, వైన్‌కు నిదానం మాత్రం వస్తుంది.

మీరున్న చోట వెర్దిక్కియో దొరక్కపోతే లుగానా అడగండి. గార్దా సరస్సు దక్షిణపు ఒడ్డున చేసే ఈ వైన్‌లోని తుర్బియానా ద్రాక్ష, వెర్దిక్కియో ఒకే రకమని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. లుగానా రుచి కొంచెం మెత్తగా ఉంటుంది కానీ కింద చెప్పే వంటలకు ఇబ్బంది లేదు.

2. ఏ సంవత్సరం, ఎక్కడ దాచాలి

మామూలు క్లాసికో అయితే రెండు మూడేళ్లలోపు పంట తీసుకోండి. సుపెరియోరె నాలుగైదేళ్ల దాకా బాగుంటుంది. రిసెర్వా పదేళ్లు కూడా ఆగుతుంది. పులుపు ఎక్కువున్న వైన్ త్వరగా వాడిపోదు, వెర్దిక్కియో బలం అదే.

దాచే చోటు చల్లగా, చీకటిగా ఉండాలి. 12 నుంచి 14 డిగ్రీలు అనువైన వేడి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో బీరువాలోనో ఫ్రిజ్ పైనో పెట్టిన సీసా ఒక్క వేసవిలో పాడైపోతుంది. వైన్ కోసం ప్రత్యేకమైన ఫ్రిజ్ లేకపోతే రిసెర్వా కొని దాచే ఆలోచన మానుకుని, కొన్న నెలలోపే తాగేయడం మేలు. కొనేటప్పుడు కూడా అద్దాల షోకేసులో ఎండ తగిలేలా నిలబెట్టిన సీసా తీసుకోవద్దు.

3. ఎంత చల్లగా ఇవ్వాలి

మామూలు క్లాసికో 8-10 డిగ్రీల దగ్గర, సుపెరియోరె 10-12 దగ్గర, రిసెర్వా 12-14 దగ్గర బాగుంటాయి. ఇంట్లో ఫ్రిజ్ దాదాపు 4 డిగ్రీల్లో ఉంటుంది. అందులోంచి తీసి నేరుగా పోస్తే వాసన రాదు, పులుపు ఒక్కటే నాలుకకు తెలుస్తుంది. చల్లటి దేశంలో ఉంటే రిసెర్వాను అరగంట ముందే బయట పెట్టండి. మన ఊళ్లలో మే నెల అయితే ఐదు నిమిషాలు చాలు, తర్వాత సీసాను ఐసు కలిపిన నీళ్ల బకెట్లో ఉంచాలి. ఉత్త ఐసు ముక్కల కన్నా నీళ్లు కలిపిన ఐసు సీసాను త్వరగా చల్లబరుస్తుంది. గ్లాసులో మూడో వంతుకు మించి పోయొద్దు, లేకపోతే తాగేలోపే వేడెక్కిపోతుంది.

గ్లాసు నోరు లోపలికి తిరిగినదైతే చాలు. రిసెర్వాకు కాస్త పెద్ద గ్లాసు పెట్టండి.

4. తినకముందు ఒక గుక్క

వంటకు జత కుదిరిందో లేదో తెలియాలంటే ముందు వైన్‌ను విడిగా రుచి చూడాలి. రంగు లేత గడ్డి పసుపు, అంచున కొద్దిగా ఆకుపచ్చ ఛాయ. వాసనలో నిమ్మ, పచ్చి ఆపిల్, తెల్ల పూలు, అక్కడక్కడా సోంపు. నోట్లో పోసుకోగానే పులుపు నాలుక పక్కలకు పాకుతుంది, దాని వెనకే కాస్త ఉప్పదనం తగులుతుంది. మింగాక ఒక్క క్షణం ఆగండి. నాలుక వెనక చిన్న చేదు వస్తుంది. బాదం పప్పు తొక్కతో నమిలినప్పుడు చివర్లో తగిలే చేదు అది. కొత్తవాళ్లు దాన్ని లోపం అనుకుంటారు. కానీ ఈ ద్రాక్షను పోల్చుకోవడానికి అదే గుర్తు. వంటల జత అంతా కూడా ఆ చేదు చుట్టూ, ఆ పులుపు చుట్టూ తిరుగుతుంది.

గుర్తుంచుకోవాల్సిన సూత్రాలు కొన్నే. నూనె, కొవ్వు ఉన్న తిండితో పులుపు పని చేస్తుంది, నోరు మళ్లీ శుభ్రపడుతుంది. ఉప్పు తగిలితే వైన్‌లోని చేదు తగ్గుతుంది. తీపి తగిలితే ఆ చేదూ పులుపూ రెండూ పైకి లేచి వైన్ చెడిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే తియ్యటి సాసులున్న వంటలకు వెర్దిక్కియో పెట్టకండి.

5. మార్కే వాళ్లు దీనితో ఏం తింటారు

తేలిక క్లాసికోతో మొదలుపెడదాం. అంకోనా పక్కనే సముద్రంలోకి పొడుచుకొచ్చిన కోనెరో కొండ ఉంది. దాని అడుగున పోర్తొనోవో అనే చోట రాళ్లకు పట్టుకుని సహజంగా పెరిగే మస్సెల్స్‌ను (ఆలిచిప్పల్లాంటి నల్ల పెంకుల సముద్రజీవులు) అక్కడివాళ్లు మొషోలి అంటారు. వాటి వంటకు పది నిమిషాలు పడుతుంది, ఇంట్లో ఏ మంచి మస్సెల్స్‌తోనైనా చేసుకోవచ్చు. పెంకులు గట్టిగా రుద్ది కడిగి, పక్కన వేలాడే పీచు లాగేయండి. పగిలినవి, తట్టినా మూసుకోనివి పారేయండి. వెడల్పాటి గిన్నెలో ఆలివ్ నూనె, చితక్కొట్టిన వెల్లుల్లి రెబ్బలు రెండు వేసి, వెల్లుల్లి వాసన రాగానే మస్సెల్స్, అర గ్లాసు వైన్ పోసి మూత పెట్టండి. పెద్ద మంట మీద మూడు నుంచి ఐదు నిమిషాల్లో పెంకులు తెరుచుకుంటాయి. తెరుచుకోనివి తినకూడదు. పార్స్‌లీ, మిరియాల పొడి చల్లండి. ఉప్పు వేయొద్దు, మస్సెల్స్ విడిచే నీళ్లలో కావలసినంత ఉంటుంది. గిన్నె అడుగున మిగిలే రసంలో బ్రెడ్ ముంచుకుని, పైన ఒక గుక్క క్లాసికో. వైన్‌లోని ఉప్పదనం, రసంలోని ఉప్పదనం కలిసిపోతాయి.

వేపుళ్లకు కూడా ఇదే స్థాయి. మార్కే దక్షిణాన అస్కొలి పిచేనో అనే ఊరుంది. అక్కడి లావుపాటి మెత్తటి ఆకుపచ్చ ఆలివ్ కాయల గింజ తీసి, లోపల ఉడికించిన మాంసం, చీజ్, జాజికాయ కలిపిన ముద్ద కూరి, బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు. పైన కరకర, లోపల మాంసం, మధ్యలో ఆలివ్ చేదు. ఆ చేదూ వైన్ చేదూ ఒకదాన్నొకటి మింగేస్తాయి, నూనె సంగతి పులుపు చూసుకుంటుంది. ఈ వైన్‌కు ఒక్క చిరుతిండి మాత్రమే పెట్టాలంటే నేను ఎంచుకునేది ఇదే.

చేపల పులుసు బ్రొదెత్తో దగ్గర కాస్త జాగ్రత్త కావాలి. ఆ తీరంలో ఊరికో తీరు ఉంది. అంకోనాలో టమాటా, వెనిగర్‌తో చేస్తారు, పదమూడు రకాల చేపలు పడాలన్నది అక్కడి సంప్రదాయం. శాన్ బెనెదెత్తోలో పచ్చి టమాటా, క్యాప్సికం, వెనిగర్ వేస్తారు. పోర్తో రెకనాతిలో టమాటా ఉండదు, అడవి కుంకుమపువ్వుతో పసుపు రంగులో వస్తుంది. వెనిగర్ ఉన్న మొదటి రెండింటికీ వైన్‌లో కూడా గట్టి పులుపు ఉండాలి, కాబట్టి కుర్ర మాతెలీకా. పోర్తో రెకనాతి తీరుకు క్లాసికో సుపెరియోరె.

ఇక మాంసం. కుందేలు మాంసాన్ని అడవి సోంపు, వెల్లుల్లి, పంది కొవ్వుతో కూరి కాల్చే వంట మార్కేలో ఇంటింటా ఉంటుంది. వెర్దిక్కియోలో ఉన్న సోంపు వాసన ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. కుందేలు లేకపోతే కోడి తొడలతో, ఒక చెంచా దంచిన సోంపుతో చేసుకోండి. దీనికి సుపెరియోరె చాలు. వించిస్‌గ్రాస్సి అని, కోడి లోపలి భాగాలు, మాంసం వేసి పొరలు పొరలుగా చేసే లజాన్యా రకం ఒకటుంది. దానికి మాత్రం రిసెర్వా తీయండి. తెల్ల వైన్ మాంసానికి ఆనదు అనుకునేవాళ్లకు ఆ రెండూ కలిపి పెట్టి చూడండి.

చీజ్‌లో ఉర్బీనో ఊరి కషొత్తా మంచి జత. గొర్రెపాలు, ఆవుపాలు కలిపి చేసే మెత్తటి, లేత పాల రుచి చీజ్ అది. బాగా ముదిరిన నీలి చీజ్‌లు వద్దు.

6. ఒక పెద్ద వంట: అంకోనా స్తొక్కఫిస్సో

తీరిక ఉన్న ఆదివారం పెట్టుకోవాల్సిన వంట ఇది. స్తొక్కఫిస్సో అంటే నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో చలిగాలికి ఆరబెట్టిన కాడ్ చేప. ఉప్పు వేయరు, గాలికే కర్రలా ఎండుతుంది. ఉప్పులో ఊరవేసే కాడ్‌ను ‘బక్కలా’ అంటారు, అది వేరు, రెండూ కలిపేసుకోవద్దు. మన తీరంలోనూ చేపను ఎండబెట్టి నిల్వ చేసుకోవడం ఉంది కాబట్టి ఆ వాసన తెలుగువాళ్లను భయపెట్టదు. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఉండేవాళ్లు ఆఫ్రికన్ దుకాణాల్లో అడగండి. నైజీరియా వంటల్లో ఇది బాగా వాడతారు కాబట్టి అక్కడ తేలిగ్గా దొరుకుతుంది.

ఎండు చేపను చల్లటి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, రోజుకు రెండుసార్లు నీళ్లు మార్చుతూ నాలుగైదు రోజులు నానబెట్టాలి. వేలితో నొక్కితే మధ్యలో కూడా మెత్తగా ఉండాలి. నలుగురికి నానిన చేప 800 గ్రాములు, బంగాళాదుంపలు కిలో, పండు టమాటాలు అర కిలో, ఉల్లిపాయలు రెండు, క్యారెట్ ఒకటి, సెలెరీ కాడ ఒకటి, వెల్లుల్లి, రోజ్‌మేరీ, పార్స్‌లీ. ఆలివ్ నూనె పావు లీటరు. ఎక్కువనిపించినా తగ్గించొద్దు, దుంపలు పీల్చుకునేది అదే. ఇవిగాక ఒక గ్లాసు వెర్దిక్కియో.

అంకోనా వాళ్లు గిన్నె అడుగున సన్నటి రెల్లు పుల్లలు పరుస్తారు, చేప అడుగంటకుండా. పుల్లలు లేకపోతే క్యారెట్‌ను నిలువుగా చీల్చి పరిచినా సరిపోతుంది. పైన చేప ముక్కలు తొక్క కిందికి ఉండేలా పేర్చి, సన్నగా తరిగిన ఉల్లి, సెలెరీ, ఆకులు, టమాటా ముక్కలు, ఉప్పు, మిరియాలు చల్లండి. ఇంకో వరస అలాగే. అన్నిటి పైన పెద్ద పెద్దగా కోసిన దుంపలు చేప కనిపించకుండా కప్పేయాలి. నూనె, వైన్ పోసి, దుంపలు సగం మునిగేలా నీళ్లు చేర్చి, మూత పెట్టి సన్నని సెగ మీద రెండు నుంచి రెండున్నర గంటలు వదిలేయండి. గరిట పెట్టొద్దు. కలిపితే చేప చెదిరి ముద్దవుతుంది. అడుగంటుతుందేమోనని టెన్షన్ ఉంటే గిన్నెను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఊపండి చాలు.

దించాక అరగంట ఆగాలి. అప్పటికి నూనె పైకి తేలి నారింజ రంగులో మెరుస్తుంది, దుంప అంచులు ఆ నూనె తాగి కరిగిపోతుంటాయి. దీని పక్కన మామూలు క్లాసికో తేలిపోతుంది. సుపెరియోరె బాగుంటుంది, నాలుగైదేళ్ల రిసెర్వా అయితే ఇంకా బాగుంటుంది. వయసు వచ్చిన వెర్దిక్కియోలో తేనె, ఎండుగడ్డి, చామంతి వాసనలు చేరతాయి, అవి ఈ నూనె బరువుకు సరితూగుతాయి.

7. మన వంటలతో పెట్టొచ్చా

కొన్నిటితో పెట్టొచ్చు. చింతపండులో ఉండే ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లం, ద్రాక్షలోనూ ముఖ్యమైన పులుపు అదే. అలాగని చేపల పులుసుకు ఇది సరిజోడు అనుకోవద్దు. తిండిలో పులుపు వైన్ పులుపును మించితే వైన్ నీళ్లలా చప్పబడుతుంది. గోంగూర, ఆవకాయ అయితే మరీ. పైగా ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. కారం తగ్గించి, మిరియాలు, ఉప్పు, నిమ్మరసంతో చేసిన వంజరం వేపుడు, పీతల మసాలా కాకుండా ఉత్త ఉడికించిన పీత, అల్లం తక్కువ వేసిన రొయ్యల పకోడీ, ఇవి క్లాసికోతో హాయిగా వెళ్తాయి. వైన్‌ను 8 డిగ్రీల దగ్గరే ఉంచండి, చల్లదనం కారాన్ని కాస్త అణచిపెడుతుంది. రిసెర్వాను మాత్రం మన మసాలాల ముందు పెట్టకండి, దాని వాసనలన్నీ వాటి కింద పడిపోతాయి.

8. సీసాలో మిగిలితే

మూత బిగించి, నిలబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. క్లాసికో రెండు రోజులు, సుపెరియోరె మూడు రోజులు తాగేలా ఉంటుంది. కుర్ర రిసెర్వా మూత తీసిన మర్నాడే ఎక్కువ బాగుంటుంది, మొదటి రోజు బిగుసుకుని ఉన్న వాసనలు గాలి తగిలాక విచ్చుకుంటాయి. కాబట్టి రిసెర్వా తీసేటప్పుడే మర్నాటికి ఒక గ్లాసు పక్కన ఉంచుకోవడం మంచిది. నాలుగో రోజుకు ఏదైనా మిగిలి ఉంటే, వాసన చూసి వెనిగర్‌లా మారలేదని తేల్చుకుని, మస్సెల్స్ గిన్నెలో పోసేయండి.